ఎలక్ట్రాన్ ఎక్కడిది? కార్బన్ ఎక్కడిది?

మొన్న ఆదివారం మా ఫ్యామిలీ గ్రూపులో బాబాయ్ ఓ వీడియో పెట్టాడు. ‘ఎండ తగిలితే చాలు, కార్బన్ డయాక్సైడ్ ఇంధనమైపోతుంది!’ కింద నన్ను ట్యాగ్ చేసి, “ఏరా ఇంజినీరూ, నిజమేనా?” అన్నాడు. “నిజమే బాబాయ్, కానీ...” అని టైప్ చేసి ఆగిపోయా. ఆ ‘కానీ’ ఒక్క మెసేజ్‌లో పట్టేది కాదు.

కార్బన్ డయాక్సైడ్ మహా మొండిది. ఇంధనం మండాక మిగిలేదే అది. దాన్ని మళ్లీ ఇంధనం చేయాలంటే శక్తి పెట్టాలి, ఎలక్ట్రాన్లు ఇవ్వాలి. మీథేన్ కావాలంటే ఒక్కో అణువుకీ 8. జపాన్ శాస్త్రవేత్తలు 1979లోనే టైటానియం డయాక్సైడ్ లాంటి పొడుల్ని నీళ్లలో కలిపి, కాంతితో ఈ మార్పు చేసి చూపించారు. చిక్కేంటంటే, టైటానియం డయాక్సైడ్‌కి అతినీలలోహిత కాంతే కావాలి. మనకు అందే ఎండలో అది 5 శాతం లోపే. కంటికి కనిపించే వెలుగు 40 శాతం పైనే ఉన్నా దానికి పనికిరాదు.

ఇక్కడే పోరస్ ఆర్గానిక్ పదార్థాలు వచ్చాయి. కార్బన్, నైట్రోజన్ లాంటి తేలికపాటి మూలకాలతో అల్లిన జల్లెడలనుకోండి. వీటిలో ‘కోఫ్’ అనే రకాన్ని 2005లో ఒమర్ యాఘీ బృందం తయారుచేసింది. దాని అన్నలాంటి ‘మోఫ్’లకే 2025 కెమిస్ట్రీ నోబెల్‌లో ఆయనకు వాటా దక్కింది. కొన్నిటిలో ఒక్క గ్రాము పొడి లోపలి ఉపరితలాన్ని పరిస్తే పావెకరం దాటుతుంది! అల్లికలో ముక్కలు మారిస్తే ఏ రంగు వెలుగుని పట్టుకోవాలో కూడా మార్చుకోవచ్చు.

ఇంత బాగున్నా రెండు ప్రశ్నలు అడగాల్సిందే.

ఒకటి, ఎలక్ట్రాన్లు ఎక్కడివి? చెట్టు నీళ్ల నుంచి తీసుకుంటుంది. ల్యాబుల్లో చాలాసార్లు ట్రైఇథనాలమైన్ లాంటి రసాయనం పోస్తారు. ఎలక్ట్రాన్లిచ్చి అది ఖర్చైపోతుంది. అది తయారయ్యేది ఎక్కువగా పెట్రో కెమికల్స్ నుంచే. లాభం ఎక్కడుంది మరి? నీళ్లతోనే నడిపించే ప్రయత్నాలూ ఉన్నాయి. అసలు కష్టం అక్కడే.

రెండు, కార్బన్ ఎక్కడిది? ఆ పొడిలోనే బోలెడు కార్బన్ ఉంది. వచ్చే ఇంధనం తరచూ మైక్రోమోల్స్‌లో, అంటే చాలా కొంచెం. పొడే విరిగి వచ్చిందేమో? అందుకే కార్బన్-13తో చేసిన కార్బన్ డయాక్సైడ్‌ని పంపి, ఇంధనంలో అదే తేలిందా అని చూస్తారు. దాని బదులు ఆర్గాన్ పంపి కూడా చూస్తారు. ఇన్‌పుట్ ఇవ్వకపోయినా అవుట్‌పుట్ వస్తే మా ఆఫీసులో దాన్ని బగ్ అంటారు!

పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్న ఈ వాయువు ఇప్పుడు 420 దాటింది. ఈ పొడులు పనిచేయాలని నాకూ ఉంది. అందుకే ఉత్తుత్తి గెలుపులు వద్దంటున్నా.

ఇదంతా వాయిస్ నోట్‌లో చెప్పా. “అయితే ఫార్వర్డ్ చేయొచ్చా?” అన్నాడు బాబాయ్.

“ఆ రెండు ప్రశ్నలూ కింద రాసి పంపు బాబాయ్!”