కొలిచి చూడక మార్చు విడిభాగము

మామిడి కోత దినములలోను, ధాన్యము మిల్లులకు తరలు దినములలోను లారీలు గల మన సభ్యులకు ఒక చిక్కు తఱచుగా కలుగుచున్నది. బండి చక్కగా నడచుచుండగనే, పెడలు ఎంత త్రొక్కినను ఇంజను వేగ మందుకొనదు. చిన్న వేగముననే గుడగుడలాడుచుండును. తాళపుచెవి త్రిప్పి ఆపి మరల వేసినచో కొంతదూరము సక్రమముగా పోవును. పిమ్మట మరల అదే తీరు. విజయనగరపు సువర్ణరేఖ నెక్కించుకొని కలకత్తాకు పోవు లారీ యిట్లు నిలిచెనేని, పండు ఎవరికొఱకును ఆగదు గదా. సాలూరునుండి కొరాపుట్టునకు ఎక్కు ఘాటుదారిలో, సుంకి మలుపులకడ, నిండు బరువుతో నిట్లగుట ప్రాణాపాయము గూడ.

ఇట్టి వేళ జరుగు తంతు అందఱెఱిగినదే. మొదట డీసెలు ఫిల్టరు మార్తురు. తగ్గకున్న పంపు విప్పింతురు. తుదకు ఎవరో పెడలు సెన్సరు చెడినదనగా క్రొత్తది కొనుదురు. అదియు ఫలింపకున్న అప్పటికి తీగెలు చూతురు. ఈ వరుస తలక్రిందైనదని మా నిశ్చితాభిప్రాయము. తీగెలు చూచుటకు కాణి ఖర్చు లేదు; అదియే కడపట జరుగుచున్నది. నడుమ పోయిన సొమ్మంతయు రైతుదే.

పాత లారీలలో పెడలునుండి పంపుమీది చేతికి ఒక కడ్డీయో ఇనుపత్రాడో ఉండెడిది. అది సాగినను తెగినను కంటికి కనబడెడిది. 2017 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.4 నిబంధన దేశమంతట అమలులోనికి వచ్చిన పిదప క్రొత్త లారీలలో ఆ కడ్డీ చోటు తీగె లాక్రమించినవి. 2020 ఏప్రిల్ 1 న బి.ఎస్.6 వచ్చెను. ఈ నడిమి మూడేండ్లలో కొన్న బండ్లే నేడు చేతులు మారి, పాతబండ్ల వెలకు మన గ్రామములకు వచ్చుచున్నవి. పెడలు ఎంత నొక్కబడినదో కంప్యూటరు పెట్టెకు తెలుపు చిన్న పరికరమే ఈ సెన్సరు. దుకాణములలో దీనిని థ్రాటిల్ పొజిషన్ సెన్సరనియు పిలుతురు. డీసెలు ఇంజను వేగమును నడపునది లోనికి చిమ్ము డీసెలు పరిమాణమే గాని గాలితలుపు గాదు. పెట్రోలు బండ్లనుండి వచ్చిన పేరు అట్లే నిలిచిపోయినది.

దీని లోపలి పని రేడియోలో ధ్వని పెంచు మరవంటిది. ఒక నల్లని కర్బనపు పట్టెకు ఒక కొననుండి 5 వోల్టులు వచ్చును. రెండవ కొన భూతీగెకు తగిలియుండును. పెడలుతో కదలు చిన్న నాలుక ఆ పట్టెపై జరుగుచు, తానున్న చోటి వోల్టులను మూడవ తీగెద్వారా పెట్టెకు చేర్చును. పెడలు వదలినపుడు సాధారణముగా అర వోల్టునకు అటునిటుగను, పూర్తిగా త్రొక్కినపుడు నాలుగు, నాలుగున్నర వోల్టుల వఱకును ఉండును. నాలుక ఎక్కువకాలము నిలుచుచోటనే పట్టె అరుగును. అరిగినచోటికి నాలుక రాగానే సూచన తెగును. పెట్టె దానిని నమ్మక బండిని చిన్న వేగమునకు దింపివేయును. పెక్కు బండ్లలో ఇట్టి పట్టెలు రెండుండును. ఒకదాని మాటకు రెండవది సాక్షి.

పరీక్షించు విధము కష్టమైనది గాదు. చదునైన చోట బండి నిలిపి, చక్రములకు అడ్డుపెట్టి, చేతిబ్రేకు వేసి, గేరు తీసి, ఇంజను ఆపి, తాళపుచెవిని మాత్రము ఆన్ స్థితిలో నుంచవలెను. కనెక్టరును ఊడదీయకుండ వెనుకవైపునుండి మల్టీమీటరు సూదిని ఆనించి మొదట 5 వోల్టులు వచ్చుచున్నవో లేదో చూడవలెను. రానిచో సెన్సరును నిందింపరాదు. తీగె తెగియుండవచ్చును, లేక ఆ 5 వోల్టులనే పంచుకొను మఱియొక సెన్సరు షార్టయి యుండవచ్చును. పిదప భూతీగెకును బ్యాటరీ ఋణధ్రువమునకును నడుమ కొలువవలెను; అచట ఇంచుమించు సున్న యుండవలెను. ఈ రెండును సరియైనపుడే సూచనతీగెను చూడవలెను. పెడలును మెల్లమెల్లగా త్రొక్కుచుండగా వోల్టులు ఎచటను త్రెళ్లక నిదానముగా పెరుగవలెను. ఈ పనికి అంకెల మీటరుకన్న పాత ముల్లు మీటరే మేలు: క్షణకాలపు తెంపును అంకెలు చూపకపోవచ్చును గాని ముల్లు ఉలికిపడును. కొన్నింట పట్టెకు బదులు అయస్కాంతముతో పనిచేయు సెన్సరుండును. అట్టివానికి ఓములు కొలుచుట వ్యర్థము, వోల్టులే చూడవలెను. బల్బుగల టెస్టులాంపును మాత్రము ఈ తీగెలకు తగిలింపరాదు. అది లాగు కరెంటునకు పెట్టెయే చెడు ప్రమాదము కలదు.

ఇచట మెకానికులతో మాకొక వివాదము కలదు. స్కానరు పెట్టి చూడగా పెడలు సెన్సరు కోడు వచ్చినది, కావున సెన్సరు పోయినది అందురు. కోడు చెప్పునది ఆ దారిలో దోషమున్నదని మాత్రమే. దారిలో కనెక్టరున్నది, తీగె యున్నది, భూతీగె యున్నది. సెన్సరు వానిలో నొకటి. ఉప్పుగాలి వీచు ఉద్దానమునను, కళింగపట్నపు తీరమునను కనెక్టరు కొనలు పచ్చబారుట వింతగాదు. 2018 అక్టోబరు 11 న పలాస ప్రాంతమున తీరము దాటిన తిత్లీ వంటి తుపానులలో నీట నానిన బండ్లకు ఆ దోషము నెలలు గడచినపిదప గూడ బయటపడవచ్చును. ఇక వరికుప్పల ప్రక్కన నిలిపిన లారీలో ఎలుక కొఱికిన తీగెను ఏ స్కానరును పేరుపెట్టి చెప్పదు. తీగెల కట్టను చేతితో కదలించుచు మీటరు చూచినచో అది తానే పట్టుబడును.

దారిపక్క కొందఱు తీగెలు కలిపి పెట్టెను మోసపుచ్చి బండి నడిపించెదమందురు. దీనిని మేము బొత్తిగా నిరసించుచున్నాము. రెండవ పట్టెను పెట్టినదే, మొదటిది అబద్ధమాడినపుడు బండి తనంత తాను ఉఱుకకుండుటకు. ఆ సాక్షిని తొలగించిన లారీ ఘాటులో దిగుచుండగా డ్రైవరుతోబాటు ఎదుట వచ్చువారికిని ముప్పు.

లారీలకు పేరుపడిన సాలూరు పనివారి హస్తనైపుణ్యమును మేము తక్కువచేయుట లేదు. ఇనుపపని, పంపుపని వారికి వెన్నతో బెట్టిన విద్య. కాని వోల్టులు కొలుచుట వేఱొక విద్య. అది నేర్చిన యువకు లిద్దఱు ప్రతి సంఘపరిధిలో నుండిన చాలును. మీటరు వెల ఒక సెన్సరు వెలకన్న తక్కువ. ఎరువుల గోదాము కట్టగలిగిన సంఘము మీటరొకటి కొని కార్యాలయమున నుంచలేదా? విత్తనములకు మొలకపరీక్ష చేయక చల్లని రైతు, విడిభాగమును పరీక్షలేక ఏల కొనవలెను?

ఈ విషయమును రాబోవు సర్వసభ్య సమావేశపు కార్యక్రమమున చేర్పవలసినదిగా పాలకవర్గమువారిని కోరుచున్నాము. ఈలోగా లారీలుగల సభ్యులు, బండి ఆరోగ్యముగా నున్నపుడే పెడలు వదలినపుడు ఎన్ని వోల్టులో, పూర్తిగా త్రొక్కినపుడు ఎన్ని వోల్టులో కొలిపించి బండి పుస్తకమున వ్రాయించుకొనవలెను. బండిబండికి ఈ అంకెలు కొంత మారును. చెడినపుడు పోల్చుకొనుటకు తన బండి అంకెయే పనికివచ్చును. మామిడి కోతకు ముందు ఈ పని ముగియుట మంచిది.