కనుమ దిగేటప్పుడు బ్రేకు

పీలేరు నుండి తిరుపతికి పెళ్ళివారితో వస్తూ మేము భాకరాపేట కనుమ దిగుతున్నాము. జీపు నిండా జనం. సగం దిగామో లేదో, బ్రేకు పెడలు మెత్తగా అడుగంటా పోయింది. డ్రైవరు గబగబా మూడు నాలుగుసార్లు తొక్కి, గేరు తగ్గించి, హ్యాండు బ్రేకు లాగి ఎలాగో కొండవారన ఆపాడు. పిల్లలు నిద్ర కూడా లేవలేదు. 2022 మార్చిలో ధర్మవరం నుండి తిరుపతికి నిశ్చితార్థానికి వస్తున్న బస్సు లోయలో పడింది ఈ కనుమలోనే. దాని కారణం వేరు గాని, ఆ సంగతి తలచుకొని ఎవరికీ నోట మాట రాలేదు.

అరగంట తరువాత చూస్తే పెడలు మామూలుగా గట్టిగా ఉన్నది! తిరుపతిలో మెకానిక్కుకు చూపిస్తే మొదట అతనికీ లోపం కనబడలేదు. "ఆయిలు మార్చి ఎన్నాళ్ళయింది సార్?" అని అడిగాడు. నాలుగేళ్ళలో తగ్గినప్పుడల్లా పోయించామే గాని ఒక్కసారీ మార్పించలేదు.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది. డాట్ 3 రకం కొత్తదైతే కనీసం 205 డిగ్రీల వరకు మరగదు, నూటికి 3.7 పాళ్ళు నీరు చేరితే 140 డిగ్రీలకే మరగవచ్చు. కనుమలో అదే పనిగా బ్రేకు తొక్కితే చక్రాల దగ్గర ఆ వేడి పుడుతుంది. మరిగిన ఆయిలు ఆవిరవుతుంది. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. చల్లారితే ఆవిరి మళ్ళీ ద్రవమై, తప్పు జరిగిన జాడే ఉండదు.

కనుక రెండేళ్ళకొకసారి మొత్తం మార్పించండి. సాధారణంగా మాస్టరు సిలిండరుకు దూరపు చక్రం నుండి మొదలుపెడతారు. ఒకరు పెడలు తొక్కిపట్టగా మరొకరు నిప్పుల్ వదులు చేసి, పాతది కారిన తరువాత బిగించాలి. బిగించాకనే కాలు తీయాలి. లేకపోతే గాలి లోపలికి పోతుంది. పైన డబ్బా ఎప్పుడూ ఖాళీ కారాదు. డబ్బా మూతమీద వ్రాసిన రకమే, సీలు విప్పని సీసాలోదే పోయండి. ఇంజను ఆయిలు పోస్తే రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి. ఆయిలు మాటిమాటికీ తగ్గుతుంటే పోసి ఊరుకోవద్దు, కారుతున్నదేమో, లైనింగు అరిగిందేమో చూపించండి. (ఆర్టీసీ బస్సులవి గాలి బ్రేకులు, వాటికి ఈ లెక్క కాదు.)

మా జీపులోనుండి తీసినది కాఫీ డికాషన్‌లాగా ఉన్నది. కొత్తది తేనెరంగులో ఉంటుందని మాకు ఆ రోజే తెలిసింది.