గోడ మీది తీగ.. కషాయం కాచే ముందు!

పోయిన ఆదివారం తాండూరులో మా ఇంటికెళ్లేసరికి అమ్మ గిన్నె కడిగి రెడీగా పెట్టింది. నాపరాళ్ల ప్రహరీ మీద పాకిన తీగ చూపించి, ‘తిప్పతీగ బిడ్డా! మీ నాన్నకు షుగర్ కదా, రేపట్నుంచి కషాయం కాస్తా’ అంది. ఆకు చూస్తే తమలపాకులాగే ఉంది. సరే కదా అని ఫొటో తీసి యాప్‌లో పెట్టా. తిప్పతీగే అంది. ఇంకో వైపు నుంచి తీస్తే వేరే పేరు చెప్పింది!

మన గోడలెక్కే తీగల్లో ఇలాంటి ఆకులున్నవి చాలానే. అందుకే ఫోన్ జేబులో పెట్టి మూడు పనులు చేశా. మీరూ చేయండి.

ఒకటి, ఆకు తుంచండి. తెల్లటి పాలు కారితే తిప్పతీగ కాదు. ఆకులు కణుపుకి రెండు చొప్పున ఎదురెదురుగా, కాయల మీద మెత్తటి ముళ్లు ఉంటే దుష్టపు తీగ. తిప్పతీగకు కణుపుకి ఒక్కటే ఆకు.

రెండు, గోడ ఎలా ఎక్కిందో చూడండి. స్ప్రింగుల్లాంటి నులితీగలుంటే దొండో, కాకరో. తిప్పతీగ తానే మెలికలు తిరుగుతుంది. ముదిరాక దారాల్లాంటి వేళ్లు గాల్లో వేలాడతాయి.

మూడు, ముదురు కాడ గీకండి. తిప్పతీగకైతే పైపొర కాగితంలా లేచి లోపల పచ్చగా కనిపిస్తుంది. కాడ నిండా పెద్ద బుడిపెలుంటే మాత్రం ఆగండి. అది దాని చుట్టం, టినోస్పోరా క్రిస్పా కావొచ్చు.

ఇంత చాదస్తం ఎందుకంటారా? కరోనా టైంలో తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నట్టు ముంబయి డాక్టర్లు 2021లో రాశారు. తిప్పతీగ అనుకుని క్రిస్పా వాడితే ప్రమాదమని ఆయుష్ శాఖ కూడా హెచ్చరించింది. ఒకవేళ అసలు తిప్పతీగే అయినా, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్‌ని అడగాల్సిందే. రెండూ కలిసి షుగర్ మరీ పడిపోవచ్చు.

తిరుగు రైల్లో వికారాబాద్‌లో దిగి పిన్ని వాళ్లింటికెళ్తే, అక్కడి గోడ మీద గురివింద! ఎర్రటి గింజలతో పిల్లలు ఆడుకుంటున్నారు. గురివింద తన కింది నలుపు ఎరగదంటారు కానీ, దాని గింజలోని విషాన్ని ఎరగనిది మనమే. నమిలి మింగితే ప్రాణం మీదికొస్తుంది. వెంటనే ఏరించేశా.

ఇంతకీ అమ్మ తీగ సంగతి? ఆకు తుంచగానే పాలు కారాయి. అమ్మ గిన్నెలో టీ పెట్టింది, చక్కెర లేకుండా. నాన్న ఊపిరి పీల్చుకున్నాడు.

ఈసారి యాప్ తెరిస్తే ఆకొక్కటే కాదు.. కణుపు, కాడ, పువ్వు, కాయ కూడా ఫొటో తీయండి. పేరు తెలిసినా, యాప్ మాట విని గొంతులో మాత్రం పోసుకోకండి.