గీత మందం ఎవరు నిర్ణయించాలి? టెంప్లేట్ తప్పుకి మన శనివారాలు ఎందుకు పోవాలి?



పోస్టు పొడుగు. లంచ్‌లో సగం, రూముకెళ్ళాక సగం చదవండి. కానీ పూర్తిగా చదవండి, ఎందుకంటే ఇది మన జీతం సంగతి.

"డ్రాయింగ్ ఆఫీసు వాళ్ళ పని, కట్టడం మీ పని." ఈ మాట మనం దుబాయ్‌లో విన్నాం, మస్కట్‌లో విన్నాం, ఇప్పుడు డల్లాస్‌లో, న్యూజెర్సీలో కూడా వింటున్నాం. మేం ఈ మాట ఒప్పుకోం. పని మాది, తప్పు పోతే తిట్లు మావి, తిరిగి పగలగొట్టే సుత్తి మా చేతికే ఇస్తారు. అలాంటప్పుడు ఆ బొమ్మ ఎలా ఉండాలో చెప్పే హక్కు మాత్రం మాకు లేదంటే ఎలా?

ముందు అసలు విషయం. చాలామంది అనుకునేది ఏంటంటే కంప్యూటర్‌లో గీసిన డ్రాయింగ్ అంటే ఇక తప్పు ఉండదు అని. క్యాడ్‌లో కొత్త ఫైలు తెరిస్తే ఖాళీ కాగితం రాదు. వెనకాల ఒక టెంప్లేట్ ఉంటుంది. అంగుళాలా మిల్లీమీటర్లా, ఏ గీత ఎంత మందం, చుక్కల గీత ఎంత ఎడం, కొలత ఎంతవరకు రౌండ్ చెయ్యాలి, అక్షరాలు ఏ ఫాంట్, మూలన టైటిల్ బ్లాక్‌లో ఏం రాయాలి, ఇవన్నీ గీత గీయకముందే అందులో రాసి పెట్టి ఉంటాయి. మన ఆడవాళ్ళు ముగ్గుకి ముందు చుక్కలు పెడతారు చూడండి, అలాగన్నమాట. చుక్కలు తప్పితే ఎంత చెయ్యి తిరిగినా ముగ్గు కలవదు. ఆటోక్యాడ్‌లోనే అంగుళాలకి ఒక టెంప్లేట్, మిల్లీమీటర్లకి ఇంకొకటి మొదటి నుంచీ పక్కపక్కనే ఉంటాయి. ఎక్కడో నైట్ షిఫ్ట్‌లో కూర్చున్న పిల్లోడు ఒకటి బదులు ఇంకోటి నొక్కితే, తలుపు బొమ్మ 25.4 రెట్లు పెద్దదిగా వచ్చి కూర్చుంటుంది. అంత పెద్ద తప్పయితే అందరికీ కనపడుతుంది, నవ్వుకుని సరిచేస్తారు. మనల్ని ముంచేది కనపడని తప్పు.

చుక్కల గీత సంగతి చూడండి. తల మీద ఉండే బీమ్, తీసెయ్యాల్సిన పాత గోడ, నేల కింద పైపు, ఇవన్నీ ప్లాన్‌లో చుక్కల గీతలే. క్యాడ్‌లో లైన్‌టైప్ స్కేల్ అని ఒక అంకె ఉంటుంది. అది ఆ షీటుకి తగ్గట్టు పెట్టకపోతే చుక్కల గీత మామూలు గీతలాగా ప్రింట్ అవుతుంది. ఫైల్లో అది చుక్కల గీతే. మన చేతిలో కాగితం మీద మాత్రం నిండు గీత. రేపు గొడవొస్తే ఆఫీసువాళ్ళు ఫైలు తెరిచి "ఇదిగో చుక్కలే కదా" అంటారు. మన చేతిలోది కాగితం అయ్యా, మన దగ్గర ఫైలు ఎక్కడిది?

రంగుల కథ కూడా ఇదే. చాలా ఆఫీసుల్లో గీత రంగుని బట్టి మందం నిర్ణయించే ప్లాట్ స్టైల్ ఫైలు వేరేగా ఉంటుంది. డ్రాయింగ్ పంపుతారు, ఆ ఫైలు పంపరు. ట్రైలర్‌లో ప్రింట్ కొడితే పసుపు గీతలు మాయం, గోడ గీతా టైల్స్ గీతా ఒకే మందం. ఫాంట్ పంపకపోతే ఇంకోటి వచ్చి కూర్చుంటుంది, వ్యాసం గుర్తు ఉండాల్సిన చోట ప్రశ్న గుర్తు కనపడుతుంది. అంటే డ్రాయింగే మనల్ని ప్రశ్న అడుగుతోంది!

ఇప్పుడు రౌండింగ్. ఇది అందరూ కాగితం మీద లెక్క వేసుకుని చూడండి. టెక్సాస్‌లో ఒక అపార్ట్‌మెంట్ పని, కంపెనీ పేరు ఎందుకులే. స్లాబ్‌లో ప్లంబింగ్ స్లీవ్‌లు వరసగా పెట్టాలి. అసలు ఎడం మూడు అడుగుల నాలుగు అంగుళాల 3/16. టెంప్లేట్‌లో కొలతని అర అంగుళానికి రౌండ్ చేసేలా పెట్టారు. కాబట్టి షీటు మీద ప్రతి ఎడం 3 అడుగుల 4 అంగుళాలు అని చూపించింది. ఎనిమిది ఎడాలు. ఒక్కోదానికి 3/16 చొప్పున ఎనిమిదింటికి అంగుళంన్నర. మొత్తం కొలత ఆ షీటు మీద ఎక్కడా ఇవ్వలేదు, ఇచ్చి ఉంటే అక్కడే దొరికేది. మనోళ్ళు షీటు మీద ఉన్నట్టే పక్కాగా పెట్టారు. పైన టూ బై ఫోర్ గోడ నిలబెట్టేసరికి, దాని నికర మందం మూడున్నర అంగుళాలే కదా, చివరి పైపు గోడలోంచి బయటికి తొంగి చూస్తోంది.

తర్వాత ఏం జరిగింది? "క్రూ కొలత తప్పు పెట్టింది" అన్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. ఆరుగురు మనుషులు రెండు శనివారాలు వచ్చి కాంక్రీటు కోర్ కొట్టారు. ఆ గంటలు టైమ్ షీట్‌లో రాయలేదు. "మీ తప్పు మీరే సరిచేసుకున్నారు కదా" అని.

ఇది వినండి, గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఈ దేశంలో 1938 నుంచి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్ట్ ఉంది. వారంలో 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు. తప్పు సరిచెయ్యడానికి ఉన్న గంటలు కూడా పని గంటలే అని లేబర్ డిపార్ట్‌మెంట్ రూల్స్‌లోనే రాసి ఉంది. తప్పు ఎవరిదన్నది వేరే చర్చ, గంట మాత్రం గంటే. పేపర్లు ఎలా ఉన్నా చేసిన పనికి కనీస వేతనం, ఓటీ ఇవ్వాల్సిందే. "ఫ్రీగా రా" అన్నవాడు చట్టం తప్పుతున్నాడు.

కొంతమంది అంటారు, ఇవి చిన్న విషయాలు, అంగుళం అటూ ఇటూ అని. సరే, పెద్ద విషయం చెప్తాం. 1981 జూలై 17, మిస్సోరీలోని కాన్సాస్ సిటీ, హయత్ రీజెన్సీ హోటల్. లాబీ మీద వేలాడే నడక వంతెనలు కూలి 114 మంది చనిపోయారు, రెండు వందల మందికి పైగా దెబ్బలు తగిలాయి. మొదటి ఆలోచన ఏంటంటే పై కప్పు నుంచి ఒకే పొడవు రాడ్డు దిగి నాలుగో అంతస్తు వంతెననీ, దాని కింద రెండో అంతస్తు వంతెననీ మోయాలి. అంత పొడుగున మరలు తీయడం కష్టమని స్టీలు వాళ్ళ షాప్ డ్రాయింగ్‌లో ఒక రాడ్డుని రెండు చేశారు. దాంతో కింది వంతెన బరువు కూడా పై వంతెన బీమ్‌కి, దాని నట్టుకి పడింది. రెట్టింపు. మొదటి డిజైన్ కూడా కోడ్ అడిగిన బరువులో 60 శాతమే మోసేదని తర్వాత పరీక్షల్లో తేలింది, అది ఇంకో కథ. మనకి కావాల్సిన ముక్క ఇది: ఇంజనీర్ల ఆఫీసు నుంచి వెళ్ళింది ప్రాథమిక స్కెచ్‌లు. స్టీలు వాళ్ళు వాటిని ఫైనల్ అనుకున్నారు. తిరిగొచ్చిన షాప్ డ్రాయింగ్ మీద లెక్క వెయ్యకుండా ముద్ర పడింది.

అప్పుడది చేత్తో గీసిన కాలం, క్యాడ్ కాదు. అయినా ప్రశ్న అదే. ఈ షీటు ఏ దశలో ఉంది? ఇప్పుడు మన చేతికి వచ్చే షీట్లలో ఎన్నింటి మీద "కట్టడానికి కాదు" అని పెద్దక్షరాలతో ఉంటోంది? ఎన్నింటి మీద రివిజన్ తేదీ చదవగలిగేంత పెద్దగా ఉంటోంది? టెంప్లేట్‌లో ఒక్కసారి పెడితే ప్రతి షీటులో తనంతట తనే వచ్చే లైను అది. పెట్టడానికి పది నిమిషాలు పట్టదు. పెట్టనిది బద్ధకంతో కాదు. దశ రాస్తే బాధ్యత కూడా రాసినట్టే కాబట్టి.

సర్వే కోసం పనిచేసే తమ్ముళ్ళకి ఇంకో ముక్క. అమెరికాలో అడుగు ఒకటి కాదు, రెండు. ఒకటి 0.3048 మీటరు. ఇంకోటి సర్వే అడుగు, 1200ని 3937తో భాగిస్తే వచ్చేది. పది లక్షలకి రెండడుగుల తేడా. గదిలో కనపడదు. కానీ స్టేట్ ప్లేన్ కోఆర్డినేట్ 20 లక్షల అడుగులు ఉన్న చోట సివిల్ వాళ్ళ టెంప్లేట్ ఒకటి, ఆర్కిటెక్ట్ వాళ్ళది ఇంకోటి అయితే బిల్డింగు నాలుగడుగులు జరుగుతుంది. సర్వే అడుగుని 2022 డిసెంబరు 31తో అధికారికంగా ఆపేశారు. పాత ఫైళ్ళు, పాత టెంప్లేట్లు మాత్రం ఆగలేదు. చింత చచ్చినా పులుపు చావదు కదా.

ఇక తప్పెవరిది? మనోళ్ళలో కొందరు "హైదరాబాద్‌లో కూర్చుని గీసేవాళ్ళకి సైట్ తెలీదు, వాళ్ళ వల్లే" అంటారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించకండి. ఆ పిల్లలకి షీటుకి ఇన్ని గంటలు అని కొలిచి ఇస్తారు. ఇక్కడి కంపెనీ ఏ టెంప్లేట్ ఇస్తే అందులో గీస్తారు, మార్చే అధికారం వాళ్ళకి లేదు. గోదాట్లో పడ్డవాళ్ళం ఇద్దరం, ఒడ్డున నిలబడ్డవాడు ఇంకెవడో. ఈ దేశంలో నేషనల్ క్యాడ్ స్టాండర్డ్ అని 1999 నుంచి ఉంది. లేయర్ పేరు మొదటి అక్షరం చూస్తేనే ఏ అంటే ఆర్కిటెక్చర్, ఎస్ అంటే స్ట్రక్చర్, పీ అంటే ప్లంబింగ్ అని తెలియాలి. పాటించేవాళ్ళు ఉన్నారు. చాలామంది మాత్రం "మా ఆఫీసు స్టైలు మాది" అని సొంత వంట వండుతారు, తినాల్సింది మనం.

"ఇప్పుడంతా రెవిట్, మోడల్‌లో అన్నీ ఉంటాయి, ఈ గోల ఉండదు" అని ఒక ప్రాజెక్ట్ ఇంజనీర్ మాతో అన్నాడు. రెవిట్‌లో కూడా టెంప్లేట్ ఉంది, వ్యూ టెంప్లేట్ ఉంది, కొలత రౌండింగ్ ఉంది. మోడల్ ఎంత గొప్పదైనా స్లాబ్ మీద మన చేతిలో ఉండేది ఒక షీటే.

"పదో తరగతి చదివినోళ్ళకి ఇవన్నీ ఎందుకు" అనేవాళ్ళకి ఒక్క మాట. మన దేశంలో ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ కోర్సుకి కావాల్సిన చదువు పదో తరగతే, రెండేళ్ళు. బొమ్మ గియ్యడానికి సరిపోయిన చదువు బొమ్మ మీద ప్రశ్న అడగడానికి సరిపోదా? ఇంకా, డీడబ్ల్యూజీ ట్రూవ్యూ అని ఆటోడెస్క్ వాళ్ళదే ఉచిత ప్రోగ్రాం ఉంది. ఫైలు తెరవచ్చు, లేయర్లు చూడొచ్చు, కొలవచ్చు. మా రూములో ముగ్గురం రెండు ఆదివారాల్లో నేర్చుకున్నాం. అందులో ఒకరికి ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఇంగ్లీషు రాదు.

మనలో కూడా ఒక జబ్బు ఉంది, దాచుకోవద్దు. "బొమ్మ మనకెందుకు, మేస్త్రీ చెప్పింది చేద్దాం" అంటాం. అనుమానం వస్తే నోటితో అడుగుతాం, నోటితోనే జవాబు తీసుకుంటాం. నోటి మాటకి సాక్ష్యం లేదు. అనుమానం వస్తే ఆర్‌ఎఫ్ఐ రాయించండి. షీటు నంబరు, రివిజన్, గ్రిడ్, ఫోటో. ఫోర్‌మన్ రాయనంటే ఫోన్‌లో మెసేజ్ అయినా పెట్టండి, తేదీతో సహా ఉంటుంది.

మా సైట్‌లో తెలుగువాళ్ళం, మెక్సికో, హోండురాస్ వాళ్ళం కలిసి ఎనిమిది మంది లీడ్‌లం ఒక పేజీ రాసి ఆఫీసుకి ఇచ్చాం. అందులో అడిగినవి ఇవి. కొలతలు 1/16 అంగుళం వరకు చూపించాలి, ప్రతి వరసకీ మొత్తం కొలత కూడా ఇవ్వాలి. కొలత మీద చేత్తో అంకె టైపు చేస్తే దాని కింద గీత ఉండాలి, ఎందుకంటే గోడ జరిపినా టైపు చేసిన అంకె జరగదు. డ్రాయింగ్‌తో పాటు ఫాంట్లు, ప్లాట్ స్టైల్ పంపాలి, లేదా పీడీఎఫ్ వాళ్ళే సరిగ్గా ప్రింట్ తీసి పంపాలి. ప్రతి షీటు మీద గీతల స్కేల్ పట్టీ ఉండాలి. ఇది ఎందుకో చెప్తాం: 24 బై 36 షీటుని 11 బై 17 కాగితానికి ఇరికించి ప్రింట్ కొడితే అది సగం కాదు, సగం కంటే తక్కువ. సగం అనుకుని స్కేల్ పెడితే 12 అడుగులు 11 అడుగులుగా కనపడుతుంది. పట్టీ ఉంటే అదీ బొమ్మతో పాటే కుంచించుకుపోతుంది కాబట్టి మోసం చెయ్యదు. ఇక టైటిల్ బ్లాక్‌లో షీటు దశ, రివిజన్ తేదీ, ప్రశ్న వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో పేరుతో సహా పెద్దక్షరాల్లో ఉండాలి.

స్కేల్ పట్టీ, దశ రాయడం ఒప్పుకున్నారు. కొత్త షీట్లలో వచ్చాయి కూడా. రౌండింగ్ సంగతి "చూస్తాం" అన్నారు. ఫోన్ నంబరు పెట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు. మళ్ళీ అడుగుతాం. ఆ పేజీ తెలుగులో, ఇంగ్లీషులో, స్పానిష్‌లో మా దగ్గర ఉంది. మీ సైట్‌కి కావాలంటే మెసేజ్ పెట్టండి, పంపుతాం. ఆ రెండు శనివారాల గంటల లెక్క ఆరుగురూ విడివిడిగా రాసి సంతకం పెట్టి ఉంచారు.