కరువైంది బ్యాగులు కాదు

"గిరిజనులకు చదువు విలువ తెలియదు, మేం తెలియజెబుతున్నాం." ఏజెన్సీ బడుల్లో సేవా క్లబ్బులు పెట్టే సభల్లో ఈ మాట తప్పకుండా వినబడుతుంది. అనేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. సొంత డబ్బు పెట్టుకుని, ఘాట్ రోడ్డెక్కి వస్తారు. కానీ అనేది మాత్రం శుద్ధ అబద్ధం.

నిజాంపై తిరగబడిన గోండు నాయకుడు కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాక, గోండుల సంగతి కనుక్కోమని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకే పంతుళ్లుగా శిక్షణ మొదలైంది. వాచకాలు గోండిలో వచ్చాయి. అంతకు ముందే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, అందులో పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపాడు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరల పిల్లలకు బడి పెట్టమన్నాడు. తమకు అర్థమయ్యే చదువు దొరికినచోట అడవి బిడ్డలు ఎనభై ఏళ్ల కిందటే పలక పట్టారు. విలువ తెలియనిది వాళ్లకా?

సభ ఎలా సాగుతుందో చూడండి. పొద్దున్నించీ ఆడపిల్లలు థింసా నాట్యానికి ముస్తాబై ఎండలో అతిథుల కోసం నిలబడతారు. మధ్యాహ్నానికి కార్లొస్తాయి. ఒక్కొక్కరికీ ఒక బ్యాగు. క్లబ్బు గుర్తు అరచేయంత, పిల్ల పేరు రాసుకునే చోటు వేలెడంత. ఆంధ్రలో బ్యాగు, బూట్లు, యూనిఫాం ప్రభుత్వ కిట్టులోనే వస్తున్నాయి. ఆ పిల్లకిది రెండోది. ఇంట్లో ఇల్లంటే 'రోన్' అని పెరిగిన గోండు పిల్ల, ఒకటో తరగతిలో పంతులు తెలుగులో అడిగేది అర్థంకాక నోరు విప్పదు. మొద్దు అని పేరుపడుతుంది. ఆ మౌనాన్ని ఏ బ్యాగు పోగొడుతుంది?

గోండి, కోయ, కువి, సవర వగైరా ఎనిమిది భాషల్లో ప్రాథమిక చదువు చెప్పే పథకం ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మొదలైంది. కానీ షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. పిల్లల భాష తెలిసిన మాస్టారు దొరకడం ఇక మరీ అదృష్టం మీద ఆధారపడింది. దెబ్బ తగిలింది ఇక్కడ. మందు రాస్తున్నది బ్యాగుల మీద.

క్లబ్బులన్నీ ఫొటోల బాపతేననే వాళ్ల మాటా నేను ఒప్పుకోను. 1985లో పోలియో పని తలకెత్తుకున్న రోటరీ, 2014లో భారతదేశం పోలియో రహితమయ్యేదాకా దాన్ని దించలేదు. ఉత్తరప్రదేశ్‌లో చుక్కలంటే అనుమానపడిన వీధుల్లోకి ముస్లిం మతపెద్దలను వెంటబెట్టుకుని వెళ్లారు. జనానికి విలువ తెలియదని ఉపన్యాసం ఇచ్చి తిరిగిరాలేదు. స్థానికుల నోటితో చెప్పించడం, ఏళ్లతరబడి అంటిపెట్టుకోవడం వాళ్లకు చేతనైన పనే. ఏజెన్సీ బడి గడప తొక్కగానే ఆ నేర్పు ఎటు పోతోంది?

దాతలకు కంటికి కనబడేదేదో చూపించాలి కదా అంటారు. గోండి, కువి కథల పుస్తకం అచ్చువేయిస్తే కనబడదా? ఇంటర్ చదివిన గూడెం అమ్మాయిని ఒకటో తరగతిలో పంతులుకు తోడుగా కూర్చోబెట్టి, నెలనెలా ఆమె ఖాతాలో జీతం వేస్తే పాసుబుక్కులో కనబడదా?