చింతగింజలతో చెరువు పాఠం

'చెట్లను పెంచాలి, నీటిని పొదుపుగా వాడాలి' అని పిల్లలు గడగడా అప్పజెబుతుంటే మనకు ముచ్చటేస్తుంది. పదికి పది మార్కులూ వస్తాయి. ఆ వెంటనే "నల్లా కట్టెయ్యరా" అంటే మాత్రం ఒక్కడూ కదలడు! బళ్లలో పర్యావరణాన్ని తప్పనిసరి పాఠంగా చెప్పాలని 1991లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అప్పట్నుంచి పాఠాలు పెరిగాయి, ప్రాజెక్టు పనులూ పెరిగాయి. (వాటిలో సగం అమ్మలే చేస్తారనుకోండి!) మరి అలవాట్లు మారాయా? నా మటుకు నాకు ఈ పాఠాన్ని పుస్తకంలోంచి తీసి ఆటలో పెడితేనే పిల్లలకు ఎక్కుతుందనిపిస్తుంది.

నిజంగా జరిగేదాన్ని చిన్నది చేసి ఆడుకోవడాన్ని సిమ్యులేషన్ గేమ్ అంటారు. పేరు చూసి కంగారు పడకండి. మనం చిన్నప్పుడు ఆడిన బువ్వలాట ఏమిటి? సంసారానికి సిమ్యులేషనే కదా!

అమెరికాకు చెందిన డెన్నిస్ మెడోస్ అనే శాస్త్రవేత్త 1980లలో 'ఫిష్ బ్యాంక్స్' అనే ఆట తయారుచేశారు. ఆడేవాళ్లంతా చేపల వ్యాపారులు. పడవలు కొంటారు, లాభాలు లెక్కేసుకుంటారు. ఎవరికి వాళ్లు తెలివిగానే ఆడతారు. తీరా చూస్తే సముద్రంలో చేపలే మిగలవు!

ఇదే సంగతిని మన ఇంటి అరుగు మీద చింతగింజలతో ఆడించవచ్చు. పళ్లెంలో 40 గింజలు పోయండి. పళ్లెం చెరువు, గింజలు చేపలు. నలుగురు పిల్లలు చాలు. ఒక్కో వంతులో ఎన్ని కావాలో ఎవరికి వాళ్లు చాటుగా చీటీ మీద రాసివ్వాలి. అన్ని గింజలు తీసిచ్చాక పళ్లెంలో ఎన్ని మిగిలితే మనం మరో అన్ని కలపాలి, చేపలు పిల్లల్ని పెట్టినట్టు. అయితే మొత్తం 40 దాటకూడదు, చెరువు పట్టేది అంతే మరి. చీటీల లెక్క పళ్లెంలో ఉన్నదాన్ని మించితే ఉన్నవి పంచేసి ఆట ముగించాలి.

తలా 8 తీసుకుంటే 32 పోయి 8 మిగులుతాయి. అవి 16 అవుతాయి. మళ్లీ వంతుకు తలా 4 తీస్తే చెరువు ఖాళీ. ఒక్కొక్కరికి దక్కింది 12. "వాడు పది రాసిండు, నేనెందుకు ఊకోవాలె?" అని తగాదా మొదలవుతుంది. పాఠమంతా ఆ తగాదాలోనే ఉంది. మనం తీర్పు చెప్పకూడదు. రెండోసారి, చీటీలు రాసేముందు మాట్లాడుకోనివ్వాలి. ఎవరో ఒకరు లెక్క కడతారు. తలా 5 తీస్తే 20 పోయి 20 మిగులుతాయి, మళ్లీ 40 అవుతాయి! అలా పది వంతులు ఆడితే ఒక్కొక్కరికి 50. చెరువు నిండుగానే ఉంటుంది.

ఊరుమ్మడి ఆస్తిని జనమే కట్టుబాట్లు పెట్టుకుని కాపాడుకోగలరని ఎన్నో దేశాల ఉదాహరణలతో చూపించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ శాస్త్రంలో ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆవిడే. చెరువు నీళ్లను వంతులవారీగా మడులకు వదిలే మన ఊరి నీరటికీ తెలిసిన సంగతే అది.

లక్సెట్టిపేటలో ఉన్నవాళ్లకు ఇటు గోదావరి, అటు జన్నారం దారి పడితే కవ్వాల్ అడవి. 2012లో దాన్ని పులుల అభయారణ్యంగా ప్రకటించారు. మన పాత పులి-మేక ఆటలో మూడు పులులు, పదిహేను మేకలు. పులుల్ని కదలకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. అడవిలో అలా కుదరదు. పులి లేకపోతే దుప్పులు పెరిగి, గడ్డీ మొలకలూ మిగలనివ్వవు. ఆట అయ్యాక "పులులన్నీ కట్టుబడ్డాయి, ఇక గడ్డి సంగతేమిటి?" అని పిల్లల్ని అడిగి చూడండి.

'ఇవన్నీ కంప్యూటర్‌లోనే ఉన్నాయి కదా' అనవచ్చు. నిజమే. భూగోళాన్నే నడిపించే 'సిమ్ ఎర్త్' 1990లోనే వచ్చింది. అలాంటివి మంచివే. కానీ ఏ ఆటకైనా నియమాలు ఎవరో ఒకరు రాసినవే. మన పళ్లెం చెరువులో కరువు లేదు, మురుగునీళ్లు లేవు, పూడిక లేదు. అందుకే చివర్లో "ఈ ఆటలో లేనిదేమిటి?" అని తప్పకుండా అడగాలి. ఆ జవాబు వెతకడానికి పిల్లల్ని ఓ సాయంత్రం నిజం చెరువు గట్టుకు తీసుకెళ్లాలి. పళ్లెం ఖాళీ అయితే గింజలు మళ్లీ పోసుకోవచ్చు. చెరువు ఖాళీ అయితే అలా కుదరదని గట్టు మీద నిలబడితేనే తెలుస్తుంది.

ఖర్చు లేదు, కరెంటు అక్కర్లేదు. ఈ ఆదివారం ఓ గంట టీవీ, సెల్‌ఫోన్ పక్కన పెట్టి పక్కింటి పిల్లల్ని కూడా పిలవండి. ఏమంటారు?