మరి వారిని చేసినదెవరు?

1979 నాటి ‘ఏలియన్’ చిత్రంలోని భీకర జీవి పుట్టుక గురించి రిడ్లీ స్కాట్ 2012లో ‘ప్రొమీథియస్’ అనే పూర్వగాథ తీసి, అభిమానుల ఊహలకే రెక్కలు తొడిగారు. మానవజాతికి బీజం వేసిన ‘ఇంజినీర్లే’ దానిని ఆయుధంగా తయారుచేశారని కొందరు, గోడమీది శిల్పంలో దానిని పోలిన రూపం ఉన్నందున అది మరింత పురాతనమని మరికొందరు వాదించారు. 2017లో ‘ఏలియన్: కోవెనంట్’ దానిని డేవిడ్ అనే యంత్రమానవుడి సృష్టిగా చూపినా, ఆ శిల్పం మాటేమిటన్న ప్రశ్న సమసిపోలేదు. నిజమే, ఆ చిక్కు మాకూ విడలేదు.

మేము ఆగిపోయినది మాత్రం మరొక చోట. మనల్ని చేసింది ఇంజినీర్లే గనుక ఇక మెడలోని శిలువ తీసేయవచ్చునని హాలోవే అంటాడు. షా ఒప్పుకోదు, మరి వారిని చేసినదెవరని అడుగుతుంది. ధర్మం వేరైనా ఆ ప్రశ్న మనకు పరాయిది కాదు. చిత్రాంతంలో ఆమె అదే శిలువతో ఇంజినీర్ల లోకానికి బయలుదేరుతుంది.